డ్రోన్‌కు నుదురు ఎక్కడ

మా డ్రోన్ మొదటిసారి పడింది ఆరేసిన పాప గుడ్డల మీద.

నిజామాబాద్‌లో మేం అద్దెకుండే ఇంటి డాబా మీద, ఒక సాయంత్రం, అది బుద్ధిగా కిందికి దిగుతూ వచ్చింది. మనిషెత్తుకు రాగానే నేల అందిందనుకొని రెక్కలు ఆపేసింది. నేల ఇంకా అందలేదు. నేరుగా దండెం మీద పడి, పాప లంగోటీ ఒకటి చుట్టుకొని, తాడుకు వేలాడింది. మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు పొద్దున ఆ దండెం కిందనే పాపను చాప మీద వేసి ఎండ చూపించాను. సాయంత్రం పడ్డది పొద్దునే పడి ఉంటే ఏమయ్యేదని చాలా రోజులు ఆలోచించాను.

ఇట్లాంటి ఆలోచనల్లో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు. పాప ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే థర్మామీటరు ఒక చంకలో పెట్టి చూస్తాను. నమ్మకం కుదరక రెండో చంకలో పెడతాను. రెండూ కలవకపోతే నా చంకలో పెట్టుకొని, థర్మామీటరు బాగున్నదో లేదో చూస్తాను. పిల్లల డాక్టరు ఒకసారి విసిగిపోయి, "పాపకు ఏం లేదమ్మా. ఆ థర్మామీటరు మాత్రం కొన్ని రోజులు మీ అత్తమ్మకియ్యి" అన్నాడు. అత్తమ్మ దాన్ని ఎక్కడో దాచిపెట్టింది. నేను ఇంకొకటి కొన్నాను.

డ్రోన్ కొన్నది చెరకు కోసం. బోధన్ అవతల ఊళ్లో మా మామయ్యకు కొంత చెరకు తోట ఉంది. చుట్టుపక్కల చాలామంది చెరకు మానేసి వరికీ పసుపుకూ మళ్లారు. మామయ్య మానలేదు. చెరకు మనిషిని మించి పెరిగాక లోపల ఏం జరుగుతున్నదో గట్టు మీద నిలబడితే తెలియదు. అడవి పందులు నడిమధ్యన పడి తిని, తొక్కి, పడుకొని పోతాయి. కోత దాకా ఎవరికీ తెలియదు. పైనుంచి చూస్తే తెలుస్తుందని మా ఆయన వాదన. బతుకమ్మ పండుగ ముందు కొని, ఊరికి తీసుకుపోయి తోట మీద తిప్పాడు. పందులు పడ్డ జాగ కనిపించింది. మామయ్య ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. అప్పటికి దానికి ఏ రోగమూ లేదు.

దసరాకు అత్తమ్మ ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికీ పూజ చేసింది. ఆమె సగం రోజులు ఊళ్లో, సగం రోజులు పాప కోసం మా దగ్గర ఉంటుంది. ఎక్కడున్నా దసరా దసరానే. బండికి, ఫ్రిజ్‌కు, మిక్సీకి, నా లాప్‌టాప్‌కు, డ్రోన్‌కు వరుసగా పసుపు కుంకుమ బొట్లు పెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులకు డ్రోన్ యాప్ ఏదో అప్‌డేట్ అడిగింది. మా ఆయన ఓకే కొట్టాడు. ఫోన్ ఏది అడిగినా ఆయన ఓకే కొడతాడు. ఆ పైన డ్రోన్‌కు తన ఎత్తు తనకు తెలియకుండా పోయింది. తప్పు అప్‌డేట్‌దేనని ఇంట్లో తీర్మానమైపోయింది.

లేపగానే కాలు కాలినట్టు ఎగిరి గంతేసేది. కొంత పైకి పోయాక మర్యాదగానే ఉండేది. దించుదామంటే మాత్రం, ఒకసారి దిగనని మొండికేసేది, ఒకసారి గాల్లోనే దిగేశాననుకొని పడిపోయేది. దండెం మీద పడ్డాక పూలకుండీ మీద పడింది. తర్వాత పక్కింటివాళ్లు ఆరబోసిన మిరపకాయల మీద పడింది.

దాన్ని మూలకు పడేసి ఊరుకుంటే నాకూ ఇంత రాసుకునే పని ఉండేది కాదు. కానీ పాప పుట్టెంటికలు తీసే రోజు దగ్గరికొచ్చింది.

"పైనకెల్లి మెల్లగ దిగుకుంట వస్తది చూడు, సక్కగ పిల్ల గుండు మీదికి" అన్నాడు మా ఆయన, చేత్తో చూపిస్తూ. "ఒక్కటే షాట్. అందరు దిమాక్ ఖరాబ్ కావాలె."

"గుండు మీదికా?"

"మీదికంటే మీదికి కాదు. మీద దాంక."

"మీద దాంక వచ్చినంక నేల వచ్చిందనుకుంటే?"

"నీకు అన్నీ అట్లనే అనిపిస్తయి."

మామయ్య అప్పటికే ఫోన్ చేసి నాతో అన్నాడు. "ఊళ్లె అందరికి చెప్పిన బిడ్డా. మనుమరాలి పుట్టెంటికలు మబ్బులకెల్లి వీడియో తీస్తున్నరని. గా కింది వాడకట్టోళ్లు గూడ వస్తమన్నరు."

వద్దని ఒక్క మాట అనొచ్చు కదా అని చదివేవాళ్లకు అనిపించొచ్చు. ఆ మాట నేను అప్పటికే వాడేసుకున్నాను. బయటినుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా ఎత్తుకోవద్దు. మూతి మీద ముద్దు వద్దు. నాలుకకు తేనె వద్దు. కళ్లకు కాటుక వద్దు. చెవులు ఇప్పుడే కుట్టించొద్దు. చెవుల దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ చేతిలో పని ఆపి, "ఇంక వేటికి వేటికి వద్దంటవో ఒక్కపారే చెప్పు బిడ్డా. సుట్టాలకు నేను ముందుగాల చెప్పుకోవాలె" అంది. ఆ తర్వాత డ్రోన్ కూడా వద్దంటే అది పదింట్లో ఒకటిగా కలిసిపోతుంది. వట్టి మాట చాలదు, రుజువు కావాలి. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ చదువుకు ఇంట్లో ఇంతవరకు పని పడలేదు. డ్రోన్‌ను పట్టుకొని కూర్చున్నాను. బాగుచేస్తానని అందరితో చెప్పాను. బాగుకాదని తేల్చడమే నా ఉద్దేశం.

డ్రోన్‌కు ఎత్తు చెప్పేవి రెండు. ఒకటి గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి దాన్ని బట్టి లెక్క వేసుకుంటుంది. రెండోది కడుపు కింద ఉంటుంది. కంటికి కనిపించని వెలుగు కిందికి పంపి, అది నేలకు తగిలి ఎంతలో తిరిగొస్తుందో చూసుకుంటుంది. దూరంగా ఉన్నప్పుడు గాలిని నమ్ముతుంది, దగ్గరికొచ్చాక నేలను నమ్ముతుంది. ఏదో ఒకదాన్ని నమ్మక తప్పదు దానికి.

మొదట గాలి సంగతి చూద్దామని, రెక్కలు తిప్పకుండా ముందు గది నేల మీద పెట్టి ఆన్ చేశాను. నేల మీద కూర్చున్న డ్రోన్ తాను నడుమెత్తులో ఉన్నానని చెప్పింది. కాసేపటికి భూమిలోకి కూరుకుపోయానంది. పైన ఫ్యాన్ తిరుగుతున్నది. కట్టేశాను. కొంచెం కుదురుకుంది. అంతలో అత్తమ్మ వంటింటి తలుపు తోసుకొని వచ్చింది. అంకె మళ్లీ ఎగిరింది.

"ఎండకు పిల్ల చెమటల మునుగుతుంటే ఫ్యాన్ బందు పెట్టినవేందే?"

"గాలికి దీని లెక్క తప్పుతుంది అత్తమ్మా. ఆ తలుపు జర మెల్లగ వెయ్యి."

"తలుపు దగ్గరికేస్తె దానికేమైతది?"

"ఎత్తు మారుతది."

ఆమె తలుపు వంక చూసింది, డ్రోన్ వంక చూసింది, చివరికి నా వంక చూసింది. నేను పరీక్ష ఆపేసి పాప మెడ కింద చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే చెమట పట్టింది. ఆ రోజు డ్రోన్‌కు కాక పాపకు రెండు చంకల్లో కొలతలయ్యాయి.

తర్వాతి పని దాని లోపలి లెక్కలు మొదటినుంచి సరిచేయడం. అందుకు దాన్ని చదునైన చోట పెట్టాలని సూచనల్లో ఉంది. మా ఇంట్లో చదునైన చోటు లేదు. పళ్లెంలో నీళ్లు పోసి గది గదికీ పెట్టి చూశాను. కడిగిన నీళ్లు పోవాలని ప్రతి గదినీ ఏదో ఒక మూలకు వాలుగా కట్టారు. ఫ్రిజ్ పైన చదునుగానే ఉంది, కానీ అది వణుకుతుంది. చివరికి పెద్ద పళ్లెంలో బియ్యం పోసి, మీద పలక పెట్టి, ఇటు రెండు గింజలు అటు రెండు గింజలు జరిపి సమం చేద్దామనుకున్నాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే పాత థర్మామీటరు దొరికింది. చప్పుడు చేయకుండా మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఆ బియ్యం మీద లెక్కలు సరిపోయాయి. ఎగిరే ముందు బయట నీడలో కాసేపు ఆన్ చేసి ఉంచితే ఒంట్లో వేడి కుదురుకొని గాలి సెన్సార్ కూడా దారికొచ్చింది. ఇంత చేసినా నేల దగ్గరికి రాగానే పాత కథే. గంతేయడం, మొండికేయడం, పడిపోవడం. నాకు లోపల పండుగలా ఉంది. మా ఆయన ఆఫీసునుంచి రాగానే ముఖం వీలైనంత దిగులుగా పెట్టుకొని చెప్పాను.

"కింది సెన్సార్ పోయింది. హైదరాబాద్ పంపాలె. పుట్టెంటికల లోపల ఎట్లయిన రాదు."

"ఇంకేం చేయరాదా?"

"అన్నీ చేసిన."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. అన్నీ చేశానన్నది పూర్తిగా నిజం కూడా కాదు. సూచనల్లో అడుగున ఒక వాక్యం మిగిలింది. కింది కిటికీలను మెత్తటి గుడ్డతో తుడవండి అని. టీవీ పనిచేయకపోతే ప్లగ్గు పెట్టారా అని అడిగే తరహా వాక్యం. చదువుకున్నవాళ్లు దాన్ని చదవరు. అయినా రేపు ఎవరైనా అడిగితే చేశానని చెప్పుకోవడానికి ఉండాలి కదా అని, తెల్లారి పాప దూది ఉండ ఒకటి తడిపి, డ్రోన్‌ను వెల్లకిలా పట్టుకొని రుద్దడం మొదలుపెట్టాను.

"ఏందే! ఏం చేస్తున్నవ్?" వెనకనుంచి అత్తమ్మ కేక.

"తుడుస్తున్న అత్తమ్మా."

"బొట్టు తుడుస్తున్నవా? శుక్రారం పూట బొట్టు తుడుస్తున్నవా?"

అప్పుడు చూశాను. అన్ని రోజులూ నా చేతుల్లోనే ఉంది. తిప్పి తిప్పి చూశాను, ఫొటోలు కూడా తీశాను. కానీ బొట్టు లేని వస్తువు మా ఇంట్లో లేదు. ఫ్రిజ్ తలుపుకు పిడి ఎట్లాగో బొట్టు అట్లాగే. దాని కడుపు కింద రెండు గుండ్రటి అద్దాలు, వాటి మధ్యలో చిన్న నల్లటి కిటికీ. ఆ కిటికీనే నేలకు వెలుగు పంపేది. దాని మీద మందంగా పసుపు, పసుపు మీద కుంకుమ, ఎండి గచ్చులా గట్టిపడి ఉంది. దసరా నుంచి ఆ డ్రోన్ పాపం కిందికి వెలుగు పంపుతూనే ఉంది, పసుపుకు తగిలి వెంటనే తిరిగొస్తూనే ఉంది. ఎంత పైన ఉన్నా దాని కడుపుకు ఒక పసుపు నేల ఆనుకొనే ఉన్నది.

"ఇక్కడ పెట్టినవేంది అత్తమ్మా?"

"యాడ పెట్టాలె మరి? రెండు కండ్లున్నయి గద. కండ్ల నడుమ గాక బొట్టు యాడ పెడ్తరే?"

ఆ రెండు అద్దాలను మళ్లీ చూశాను. ఆమె గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

అత్తమ్మ కేక అంత గట్టిగా లేకుంటే ఇది మా ఇద్దరి మధ్యే ఉండిపోయేది. డ్రోన్ హైదరాబాద్ పోయేది, పాప గుండు క్షేమంగా ఉండేది. కానీ ఆ కేకకు మా ఆయన సబ్బు నురగ ముఖంతోనే వచ్చేశాడు. చూడగానే అర్థమైపోయింది ఆయనకు. "అమ్మా! కింది సెన్సార్‌కు బొట్టు పెట్టినవా!" అని నవ్వుతూ అక్కడే కూలబడ్డాడు. నవ్వు ఆగాక, తుడవాల్సిందేనన్నాడు.

"బొట్టు లేకుంటనే లేపుతవారా? పిల్ల శుభకార్యానికి? బోడి మొకంతోని?"

"ఇంకోకాడ పెట్టు అమ్మా."

"సరే. దాని నుదురు యాడున్నదో చెప్పు, పెడ్త."

ముగ్గురం దాన్ని తిప్పి తిప్పి నుదురు కోసం వెతికాం. ముందు వైపు కెమెరా ఒక్కటే ఉంది. "ఒంటికంటి దానికి నుదురేడుంటది" అని అత్తమ్మ ఒప్పుకోలేదు. వెనక వైపు తోక అంది. పక్కలు చెవులంది. చివరికి పైన బ్యాటరీ మూత మీద, గాలి పోయే రంధ్రాలకు దూరంగా, ఒక చోటు నేనే చూపించాను. మాడు అనుకొమ్మన్నాను. ముందు అక్కడ కొత్త బొట్టు పెట్టి, అది ఆరాక, పాతదాన్ని తన కొంగు తడిపి ఆమే తుడిచింది. ఒక్క ఘడియ కూడా డ్రోన్ బొట్టు లేకుండా ఉండలేదు.

సాయంత్రం డాబా మీద లేపాం. మేకు కొట్టి తగిలించినట్టు గాల్లో నిలబడింది. దించితే పిల్లిలా దిగింది. మళ్లీ లేపాం, మళ్లీ అట్లాగే దిగింది. నా ఆశలన్నీ కూడా దాంతోపాటే దిగాయి.

"సూసినవా" అంది అత్తమ్మ. "బొట్టు పెట్టే జాగల పెడితె ఎట్ల కుదిరిందో."

సాంకేతికంగా అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఇంక భయమేంది నీకు?" అన్నాడు మా ఆయన. సెన్సార్‌కు వచ్చిన రోగం కుదిరింది. నాకున్నది కుదరలేదని ఎట్లా చెప్పను? "లేపుడైతే నేనే లేపుత. ఇంకెవరు ముట్టద్దు" అన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, కానీ వద్దనలేదు. ఇంట్లో వద్దు అనే మాట నాదే కదా.

ముందురోజు ఊరికి పోయి తోట దగ్గర సాధన చేశాను. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. నేల మీద కుదురుగా ఉన్న డ్రోన్, చెరకు మీదికి పోగానే ఆకుల కొసలనే నేల అనుకుంటుంది. నేల అంతెత్తు లేచిందని అదిరిపోయి తానూ లేస్తుంది. గాలికి ఆకులు ఊగితే అదీ ఊగుతుంది. కాబట్టి చెరకు మీదికి పోనివ్వకూడదు. పాప నెత్తి మీదికీ పోనివ్వకూడదు, అది నేను ఎవరికీ చెప్పలేదు. తోట పక్కన చెరకు కోసేసిన పొలం చెక్క ఒకటి ఖాళీగా ఉంది. దాని మీదే, పక్కనుంచి, ఎత్తులో నిలబెట్టి తీయాలని నాలో నేను నిర్ణయించుకున్నాను.

తెల్లారి పొద్దున ఆ చెక్క పక్కనే ఉన్న మైసమ్మ గద్దె ముందు చాప పరిచారు. మా తమ్ముడు మేనమామ హోదాలో కొత్త అంగీ వేసుకొని, పాపను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కింది వాడకట్టువాళ్లు నిజంగానే వచ్చారు. అత్తమ్మ డ్రోన్ పైన బొట్టు ఉన్నదో లేదో చూసింది. నేను కింద లేదు కదా అని చూశాను. గట్టు మీదికి పోయి లేపాను.

అందరూ మెడలు వెనక్కి వంచి చూశారు. మా ఆయన పాప తల కదలకుండా రెండు చేతులా పట్టుకొని, డ్రోన్ తీస్తున్నది కనిపించేలా పక్కనే పెట్టిన ఫోన్ తెరలోకి చూస్తూ అరుస్తున్నాడు.

"దించు! ఇంకా దించు! పిల్ల శెనిగ గింజంత కనవడుతుంది!"

"దించుతున్న" అన్నాను. దించలేదు.

"గింత దూరంకెల్లి తీస్తె ఎవలి పిల్లనో ఎట్ల తెలుస్తది?" అన్నాడు మామయ్య.

నెత్తి మీద నీళ్లు పడేదాకా పాప కూడా పైకే చూస్తూ ఉంది. కత్తి చల్లగా తగలగానే ఏడుపందుకుంది. మామూలు ఏడుపు కాదు, ఊపిరి బిగబట్టి, రంగు మారి, చాలాసేపటికి గొంతు విడిచే ఏడుపు. క్షవరం చేసేవాడు చెయ్యి ఆపాడు. తల అట్లా విదిలిస్తుంటే కత్తి పెట్టనన్నాడు.

"తల్లేది? తల్లిని పిలువుండ్రి!"

"గా గట్టు మీదున్నది. డ్రోన్ లేపుతుంది."

"పిల్ల గిట్ల మొత్తుకుంటుంటె పతంగులు ఎగరేస్తుందా?" అందొక ముసలమ్మ.

"అక్కా, జల్ది రా! అంగీ చింపుతుంది!" మా తమ్ముడి గొంతులో మేనమామ హోదా అంతా పోయింది.

నా చేతుల్లో రిమోట్. ఎవరికైనా ఇద్దామంటే, దాన్ని పట్టుకోవడం తెలిసిన ఒక్క మనిషి రెండు చేతులూ పాప చెంపల మీద ఉన్నాయి. చేత్తో మెల్లగా దించుకొని పోదామంటే అంతసేపు పాప ఆగదు. దానంతట అదే దిగే బటన్ ఒకటి ఉంది. నొక్కితే కెమెరా కిందికి వంచుకొని అదే దిగి, నేల చూసుకొని, అదే ఆగుతుంది. ఆ బటన్‌ను అంతవరకు నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కాను. రిమోట్ గట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోయాను. ఒక కొలిచే యంత్రం చెప్పింది రెండోసారి చూడకుండా నమ్మడం నాకదే మొదలు.

పాప నా బొటనవేలు పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఏడుపు మానలేదు కానీ కదలడం మానింది. కత్తి మళ్లీ నడిచింది. వెంట్రుకలు నా చీర మీద పడుతున్నాయి. వెనక ఎక్కడో డ్రోన్ చప్పుడు సన్నబడుతూ వచ్చి, ఆగింది. తిరిగి చూడలేదు. గుండుకు గంధం రాసేదాకా అది గుర్తు కూడా లేదు.

భోజనాలయ్యాక ఇంట్లో టీవీకి పెట్టి అందరూ వీడియో చూశారు. చాలాసేపు ఒక చాప, దాని మీద చీమల్లా మనుషులు. ఆ తర్వాత తెర అంతా కోసేసిన చెరకు మోళ్లు, మెల్లమెల్లగా పెద్దవవుతూ.

"గిదేందిరా" అన్నాడు మామయ్య. "మబ్బులకెల్లి తీస్తమని కొయ్యకాళ్లు తీసిండ్రు."

తెర మూలనుంచి ఎవరో ఒకామె, ఒక కాలికే చెప్పుతో, కొంగు జారుతుంటే పట్టుకుంటూ పరుగెత్తి అదృశ్యమైంది.

"గా ఉరుకుతున్నదెవలే?" అంది ముసలమ్మ.

"మా కోడలే" అంది అత్తమ్మ. "కూర మాడుతుందనుకున్నదేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎవరి మాటల్లో వాళ్లు పడ్డారు. పాప నా ఒళ్లో నిద్రపోయింది, గుండు మీద గంధం ఎండి పెచ్చులుగా లేస్తున్నది. తెర మీద నేల ఇంకా దగ్గరికొస్తూనే ఉంది. మోళ్ల మధ్య మట్టిపెళ్లలు కనిపించాయి, ఒక పెళ్ల మీద గండుచీమ కనిపించింది. ఇక తాకడమే అనుకున్నప్పుడు, జానెడు ఎత్తులో, డ్రోన్ ఆగింది. కొంచెం అటు, కొంచెం ఇటు జరిగింది. నేల నిజంగా నేలేనా అని మరొక్కసారి చూసుకుంటున్నది. చూసుకొని, అప్పుడు దిగింది.

ఆ యంత్రం మీద నాకు ఇష్టం కలిగింది అప్పుడే.